నేతగాళ్ల వాడలో వేషాల మాస్తరు

ఈమధ్య బొంబాయి నుంచి ఇద్దరు యువకులు, ఒక అమ్మాయి నన్ను వెతుక్కుంటూ వచ్చారు. మనసు చెదిరినవాళ్ల చేత నాటకం ఆడించి నయం చేసే పద్ధతి ఒకటి పరదేశాల్లో నడుస్తోందట. తాము అది నేర్చుకోబోతున్నామన్నారు. సోలాపూర్‌లో ఒక ముసలాయన ఏళ్ల తరబడి ఇదే పని చేశాడని ఎవరో చెబితే వచ్చారు. దానికి వాళ్లు పలికిన ఇంగ్లీషు పేరుకు నా నోరు తిరగలేదు. ఇక్కడ అందరూ నన్ను యేషాల మాస్తర్ అనేవాళ్లు. దవాఖానలో నా పేరూ అదే, నా హోదా కూడా అదే.

ఆ పిల్లలు చాలా అడిగారు. ఎలాంటి రోగికి ఎలాంటి వేషం ఇవ్వాలి, ఎంతకాలం ఆడించాలి, నయమైందని ఎలా తెలుస్తుంది అని. చాయ్ తాగించి పంపాను గానీ ఒక్కదానికీ సరైన జవాబు చెప్పలేకపోయాను. వాళ్లు వెళ్లిపోయాక నర్సయ్య గుర్తుకొచ్చాడు. ఆయన సంగతి చెప్పి ఉంటే వాళ్లకు కావలసింది చాలావరకు అందులోనే దొరికేది. అందుకని ఇది రాస్తున్నాను.

వంకాయల బేరం

మాది నేతపని చేసుకునే కుటుంబమే. నేను మాత్రం మీసాలు రాకముందే ఒక నాటకాల కంపెనీలో చేరిపోయాను. ఆడవేషాలు కట్టేవాణ్ణి. రాణులు, చెలికత్తెలు, సవతితల్లులు అందరూ నేనే. ఆడవాళ్లు బాధ పడితే తల ఎటు తిప్పుకుంటారు, కోపం దిగమింగితే కొంగు ఎలా సర్దుకుంటారు అని చూడటమే అప్పట్లో నా చదువు. తర్వాత గొంతు బొంగురుపోయింది, ఒళ్లు వచ్చింది. మాట్లాడే సినిమా బొమ్మలు వచ్చి మా కంపెనీ కూడా మూతపడింది. కుంఠా నాకా దగ్గర వాడాలో ఉండే మా అక్క ఇంటికి వచ్చి పడ్డాను. వాడా అంటే ఒకే వాకిలి చుట్టూ వరసగా గదులు, గదికో కుటుంబం, కుటుంబానికో మగ్గం.

మా పక్క గదిలోకి కరీంనగర్ వైపు నుంచి లచ్చవ్వ అని కొత్త కోడలు వచ్చింది. మరాఠీ ఒక్క ముక్క రాదు. బజారుకు వెళితే కూరలమ్మే ఆడవాళ్లు కసురుకునేవారు. దాంతో బయటికి వెళ్లడం మానేసింది. కొన్నాళ్లకు వాకిట్లోకి రావడం మానేసింది, ఆ తర్వాత తిండి కూడా మానేసింది. మొగుడు ధర్మదవాఖానకు తీసుకుపోతే అక్కడి డాక్టరమ్మకు ఏ జబ్బూ కనిపించలేదు.

ఒకనాటి పొద్దున నేను నెత్తిమీద గంప పెట్టుకుని, మరాఠీ ఆడవాళ్లలా కాష్టా పోసి చీర కట్టుకుని, ఆ పిల్ల గడప ముందు కూలబడి మరాఠీలో తిట్టడం మొదలుపెట్టాను. కొంటే కొను, లేకపోతే నా టైం తినకు అన్నాను. లచ్చవ్వ ముందు బెదిరింది. తర్వాత నన్ను గుర్తుపట్టి నవ్వింది. మర్నాడు కూడా వెళ్లాను. నాలుగైదు మాటలు నేర్పి ఆ మాటలతోనే నాతో పోట్లాడించాను. ఇలా కొన్నాళ్లు జరిగాక తనంతట తాను బజారుకు వెళ్లి, నిజంగా కూరలమ్మే ఆమెతో బేరమాడి వంకాయలు తెచ్చింది. రెండు నాకిచ్చింది.

ఈ కబురు డాక్టరమ్మ దాకా పోయి ఆమె నన్ను పిలిపించింది. మా వాళ్లు ఆమెను డాక్టరీణ్ బాయి అనేవారు. మరాఠీ మనిషి. తెలుగు అర్థమవుతుంది, తడబడుతూ మాట్లాడుతుంది. ఆ పిల్లకు ఏమిచ్చావని అడిగింది. నేనేమీ ఇవ్వలేదు, ఆ పిల్లే నాకు వంకాయలిచ్చిందని చెప్పాను. ఆమె నవ్వి, మందుల పెట్టెలు పడేసే వెనకగది ఖాళీ చేయించి నన్ను అందులో కూర్చోబెట్టింది.

డాక్టరీణ్ బాయి

పై అధికారి గురించి ఉన్నదున్నట్టు చెప్పాలి. ఆమె ఓపిక తక్కువ మనిషి. ఎవరైనా ఏడిస్తే కిటికీ వైపు చూసేది. రోగి బాగుపడటానికి ఎక్కువ రోజులు పడితే మాకంటే ముందు ఆమెకు విసుగొచ్చేది. అయితే మందుతో నయం కాని జబ్బు ఉంటుందని ఒప్పుకున్న డాక్టరును ఈ ఊళ్లో ఆమెనే చూశాను. మా గది తలుపు మూసి ఉంటే తాను కూడా లోపలికి వచ్చేది కాదు. చూడటానికి వచ్చేవాళ్లు ఉండకూడదు, ఎవరినీ బలవంతంగా ఆడించకూడదు అన్న రెండు నియమాలూ ఆమె పెట్టినవే. రోగి ఇంటివాళ్లను ఆటలోకి రానివ్వకూడదన్న నియమం నేను పెట్టుకున్నాను. ఇంటివాళ్లు వస్తే ఏడుస్తారు. వాళ్లను ఓదార్చే పని రోగి నెత్తిన పడుతుంది.

ఆమెకు నాటకాలంటే ఇష్టం. మంచి ముగింపు ఉన్న నాటకాలంటే మరీ ఇష్టం. నేను పెరిగిన కంపెనీలోనూ విడిపోయినవాళ్లంతా చివరికి కలుసుకోవలసిందే. మా ఇద్దరికీ ఈ ఒక్క విషయంలో బాగా కుదిరింది. నర్సయ్య వచ్చేవరకు అది మంచిదే అనుకున్నాం.

లేవని చెయ్యి

నర్సయ్యది సిరిసిల్ల దిక్కు. కొంతం చౌక్ వెనక సందులో ఉండేవాడు. అంచు చీరలు నేయడంలో మంచి పేరున్నవాడు. ఆయనకు ఒక్కడే కొడుకు, రాజలింగం. తన తర్వాత కొడుకు అదే మగ్గం మీద కూర్చోవాలని తండ్రి కోరిక. కొడుక్కు బొంబాయి మిల్లు మీద మనసు. ఇంట్లో చాలా రోజులు గొడవ నడిచింది. చివరికి తండ్రి ఒప్పుకోకుండానే రాజలింగం రైలెక్కాడు. వర్షాకాలం మధ్యలో అక్కడ కలరా తగిలి పోయాడు. తోటివాళ్లే దహనం చేసి, తర్వాత వచ్చి చెప్పారు.

ఆ కబురు విన్న వారంలోనే నర్సయ్య కుడిచెయ్యి పడిపోయింది. మగ్గంలో పోగు మోసే నాడెను అటూ ఇటూ పరుగెత్తించే తాడు గుంజేది కుడిచేత్తోనే. డాక్టరీణ్ బాయి సూదులతో గుచ్చి చూసింది, పట్టి చూసింది. నరానికి ఏమీ కాలేదని తేల్చి, ఈ చెయ్యి తనకు అంతుబట్టడం లేదనీ, నన్ను చూడమనీ చెప్పింది.

ఆయన వెంట కోడలు భూలక్ష్మి వచ్చేది. చంకలో పాలుతాగే ఆడపిల్ల. మామకు నాలుగడుగుల వెనక నడిచి, బయట మెట్ల మీద కూర్చునేది. కొడుకు పోయినప్పటినుంచి ఆయన కోడలితో మాట్లాడటం లేదు, ఆమె వైపు చూడటం లేదు. మొగుడికి బొంబాయి పిచ్చి ఎక్కించింది ఈమేనని సందులో వాళ్లంతా అనుకునేవారు. దసరా వెళ్లాక మగ్గం విప్పి నర్సయ్య తమ్ముడి కొడుక్కి ఇచ్చేద్దామని కులపెద్దలు తేల్చారు. ముసలాయన ఆ ఇంట్లోనే ఉండాలి, భూలక్ష్మిని బిడ్డతో సహా ఊరికి పంపేయాలి. ఊళ్లో ఆమెకు ఒక మేనత్త తప్ప ఎవరూ లేరు. ఇదంతా మెట్ల మీద కూర్చుని ఆమే నాకు చెప్పింది. ఏడవలేదు.

నేను నర్సయ్యను కొడుకు గురించి అడగలేదు. మొదటిరోజు నేను బట్టల సావుకారునయ్యాను. ఆయన నేసిన చీర అంచు వంకరగా ఉందన్నాను. ఆయనకు రోషం వచ్చి ఎడమచెయ్యి ఊపుతూ నన్ను దులిపేశాడు. మరోసారి ఆయన సావుకారు, నేను నేతగాణ్ణి. నన్ను గడగడలాడించి తానే నవ్వాడు. ఇలా వారాలు గడిచాయి. ఒకరోజు వచ్చీ రాగానే గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"మాస్తర్, ఇయ్యాల నేను మా పోరగాని యేషం ఏస్త. నువ్వు నా యేషం ఏయి" అన్నాడు.

ఆ మాట వస్తుందని మేము అప్పటికే ఎదురుచూస్తున్నాం. దాని గురించి డాక్టరీణ్ బాయీ నేనూ మాట్లాడుకుని ఉన్నాం. కొడుకు ఇల్లు వదిలిన రోజు జరగకుండా పోయినదాన్ని ఇప్పుడు జరిగేలా చూడమని ఆమె చెప్పింది. తండ్రి వేషం నాకు వస్తే మగ్గం ఆపి, లేచి, కొడుకును గుండెకు హత్తుకోమంది. నాకూ అదే బాగుందనిపించింది.

నేను పీట మీద కూర్చుని లేని తాడు గుంజుతూ మగ్గం నేస్తున్నట్టు మొదలుపెట్టాను. నర్సయ్య చంకలో మూట ఉన్నట్టు చెయ్యి మడుచుకుని తలుపులోంచి వచ్చాడు. ఆ నడక ఆయనది కాదు, కుర్రవాడి నడక. వంగి నా పాదాలు తాకి, "నాయినా, నేను పోయొస్త" అన్నాడు. నేను తాడు వదిలేసి లేచి ఆయనను కౌగిలించుకున్నాను.

ఆయన ఒళ్లు కొయ్యబారిపోయింది. ఎడమచేత్తో నన్ను నెట్టేశాడు.

"గట్ల కాలే, మాస్తర్. నేను ఆపలే. వాడు కాళ్లు మొక్కిండు, నేను మగ్గం కొడుతనే ఉన్న. తల ఎత్తి సూడలే" అన్నాడు.

తర్వాత వెళ్లిపోయాడు. మెట్ల మీదున్న భూలక్ష్మి బిడ్డనెత్తుకుని ఆయన వెనక పరుగెత్తింది.

ఆయన మళ్లీ రాలేదు. జరిగింది డాక్టరీణ్ బాయికి చెప్పాను. సాయంత్రం చెప్పులేసుకుని నన్ను వెంటబెట్టుకుని ఆ సందులోకి నడిచింది. వాకిట్లో అందరూ చూస్తుండగా, తన తడబడే తెలుగులో, తప్పు మాస్తరుది కాదు, అలా చేయమన్నది నేను అని నర్సయ్యతో చెప్పింది. ఆయన ఆమెకు కూర్చోవడానికి పీట వేయించాడు. రోగి ఇంటికి నడిచి వెళ్లి తప్పు ఒప్పుకున్న డాక్టరును మళ్లీ నేను చూడలేదు. ఓపిక లేని మనిషని పైన రాశాను కాబట్టి ఇది కూడా రాయాలి.

తలుపు అవతల

దసరా దగ్గరపడింది. ఒక మధ్యాహ్నం భూలక్ష్మి బిడ్డనెత్తుకుని ఒంటరిగా దవాఖానకు వచ్చింది. మామ సరిగా తినడం లేదనీ, గోడవైపు తిరిగి పడుకుంటున్నాడనీ చెప్పింది. తర్వాత గొంతు తగ్గించి అసలు సంగతికి వచ్చింది.

"ఆ దినం మామ సగమే సూసిండు, మాస్తర్. తల్పు అవతలి సగం నాకెరుక. చెప్పుదమంటె నాతోని మాట్లాడడు" అంది.

ఏమిటది అని అడిగాను. అది మొదట వినవలసింది మామేనని, నాకు చెప్పనని అంది. నాకు కోపం రాలేదు. ఆమె మాట సబబుగానే తోచింది. ఇంటివాళ్లను ఆటలోకి రానివ్వకూడదన్న నా నియమాన్ని ఆ పూట పక్కనపెట్టాను. డాక్టరీణ్ బాయిని అడిగితే సరేనంది. ఒక్క మాట కూడా మార్చవద్దని మాత్రం గట్టిగా చెప్పింది.

నర్సయ్య ఇంటికి వెళ్లి, ఈసారి ఏదీ మార్చనని, జరిగింది జరిగినట్టే ఆడదామని అడిగాను. కొడుకు వేషం నేను కడతాను, మీరు మీలాగే ఉండండి, మీ కోడలు ఆ రోజు ఎక్కడ నిలబడిందో అక్కడే నిలబడుతుంది అన్నాను. రేపు మధ్యాహ్నం రమ్మన్నాడు.

వెళ్లేసరికి ఆయన కాళ్లు దించి మగ్గం గుంతలో కూర్చుని ఉన్నాడు. కొడుకు పోయాక అందులోకి దిగడం అదే మొదటిసారి. సగం నేసిన చీర మగ్గం మీదే ఉంది. కుడిచెయ్యి ఒడిలో పడి ఉంది. నేను మూట పట్టుకుని లోపలికి వచ్చి, గుంతలోకి వంగి పాదాలు తాకాను. "నాయినా, నేను పోయొస్త" అన్నాను. ఆయన తల ఎత్తలేదు. నేసిన గుడ్డ వైపే చూస్తున్నాడు. ఆ భుజం మీద చెయ్యి వేయాలని నాకు ఎంతగా అనిపించిందో చెప్పలేను. వేయలేదు. లేచి గడప దాటాను. బిడ్డనెత్తుకుని భూలక్ష్మి నా వెనకే వచ్చి తలుపు దగ్గరగా వేసింది. వేసి, అక్కడే ఆగిపోయింది.

"ఈడ నిలవడ్డడు, మామా" అంది తలుపు వైపు తిరిగి. "గాడి పోతది, లవ్కర్ నడువు అన్న నేను. కదల్లే. మగ్గం చప్పుడు ఇన్కుంట నిలవడ్డడు. ఇని నవ్విండు. నాయిన కోపంగుంటె దెబ్బ తప్పుతడు, ఇయ్యాలైతె సమంగ కొడుతుండు, ఏడ్పు ఆపుకుంటుండు అన్నడు. మగ్గం ఆపితె ఏడుస్తడు, గందుకె ఆపుతలేడు అన్నడు. నాయినను మంచిగ సూస్కో అని చెప్పి, ఎన్కకు తిరక్కుంట పోయిండు."

వాకిట్లో నూలు కండెలు చుట్టే ఆడవాళ్లు రాట్నాలు ఆపేశారు. నేను మూట పట్టుకుని, తర్వాత ఏం చేయాలో తెలియక నిలబడ్డాను. ఇన్నేళ్ల నటనలో నాకెప్పుడూ అలా కాలేదు.

కాసేపటికి లోపలినుంచి నర్సయ్య గొంతు వినిపించింది.

"మల్లొకపారి చెప్పు, బిడ్డా."

భూలక్ష్మి తలుపు తోసుకుని లోపలికి వెళ్లి, గుంత పక్కన కూర్చుని మళ్లీ మొదటినుంచి చెప్పింది. ఆయన ఆమె ముఖంలోకి చూస్తూ విన్నాడు. నేను మూట అక్కడే పెట్టేసి ఇంటికి వచ్చేశాను.

నయమైందా

ఆ క్షణంలోనే చెయ్యి లేచిందని రాస్తే బాగుంటుంది గానీ, లేవలేదు. ఆ రాత్రి మామాకోడళ్లు కలిసి తిన్నారని, ఇద్దరూ ఏడ్చారని మర్నాడు తెలిసింది. కొన్నాళ్లకు వేళ్లు కదిలాయి. దసరా నాటికి గ్లాసు పట్టుకోగలిగాడు. తాడు గుంజే బలం మాత్రం రాలేదు.

పండగ వెళ్లగానే పెద్దలు వచ్చారు. నేనూ వెళ్లాను. నర్సయ్య వాళ్లను కూర్చోబెట్టి, చాయ్ ఇప్పించి, నెమ్మదిగానే చెప్పాడు.

"మగ్గం ఇప్పేది లేదు. నా కోడలు నేస్తది. నేను పక్కన కూసొని నేర్పిస్త."

మా వాడల్లో అప్పటికి ఆడవాళ్లు కండెలు చుట్టేవారు, పడుగు నూలు ఆసు పోసేవారు. మగ్గం గుంతలోకి దిగింది లేదు. పెద్దలు గట్టిగానే అభ్యంతరం చెప్పారు. అన్న ఇంట్లో ఆడది మగ్గమెక్కితే తమకు తలవంపులని తమ్ముడు అన్నాడు. భూలక్ష్మి బిడ్డను నర్సయ్య ఒడిలో పెట్టి, అందరూ చూస్తుండగా గుంతలోకి దిగి కూర్చుంది. ఆమెకు అప్పటికి తాడు గుంజడం కూడా సరిగా రాదు. నాడె అటువైపు దాకా పోకుండా మధ్యలోనే ఆగింది. నర్సయ్య వంగి, ఆ కుడిచేత్తోనే దాన్ని తీసి ఆమెకు అందించాడు. పెద్దలు కొంతసేపు కూర్చుని వెళ్లిపోయారు. మగ్గం విప్పించడానికి మళ్లీ ఎవరూ రాలేదు.

డాక్టరీణ్ బాయి దీన్ని సగం నయమైన కేసు అనేది. నేతగాడి చెయ్యి నేతకు పనికి రానప్పుడు నయమైందని ఎలా అంటాం అని వాదించేది. నేను ఒప్పుకునేవాణ్ణి కాదు. ఆమె ఊరు వదిలి వెళ్లేదాకా మా వాదన తెగలేదు. ఇప్పుడు ఆలోచిస్తే ఆమె మాటలోనూ న్యాయముంది. ఆయన మనసారా నేసుకునే రోజులు మళ్లీ రాలేదు. తెగిన పోగులు ముడివేయడానికి, అంచు సరిచూడటానికి మాత్రమే ఆ చెయ్యి పనికొచ్చింది. ఆ నష్టం పూడిందని నేను చెప్పను.

ఈ పనిలోకి వచ్చే పిల్లలకు నేను చెప్పగలిగింది కొద్దే. మీకు బాగా నటించడం వస్తే జాగ్రత్తగా ఉండండి. రోగి కంటే మీరు బాగా ఏడవగలరు, ఆ ఏడుపు చూసి ఆయన తన ఏడుపు ఆపుకుంటాడు. జరిగినదాన్ని ఇంపుగా మార్చి ఇవ్వడానికి తొందరపడకండి. లచ్చవ్వ రేపటికి భయపడింది కాబట్టి రేపటిని ముందే ఆడించి చూపించాను, అది పనికొచ్చింది. నర్సయ్య బాధ నిన్నటిది. నిన్నటిని మార్చబోతే ఆయన నన్ను నెట్టేయడం న్యాయమే. ఆయనకు తెలియని మిగతా సగం ఎవరి దగ్గరుందో వెతకాలి. అది నా దగ్గర లేదు, డాక్టరు దగ్గర లేదు. నాలుగడుగుల వెనక నడిచి వచ్చి మెట్ల మీద కూర్చున్న మనిషి దగ్గరుంది. ఆమెను నేను అన్ని వారాలు మెట్ల మీదే కూర్చోబెట్టాను.

మరుసటి ఎండాకాలం మొదట్లో ఒక మధ్యాహ్నం ఆ సందులోంచి వెళ్తూ, ఒకసారి పలకరించిపోదామని నర్సయ్య గడప దగ్గర ఆగాను. తలుపు ఓరగా వేసి ఉంది. లోపల మామాకోడళ్లు గట్టిగా వాదించుకుంటున్నారు. పోగు తెగింది, ముడి నేనేస్తానని ఆయన అంటున్నాడు.

"నాకు కనవడ్డది, మామా. నేనే ఏస్కుంట. మీరు జరా జరుగుండ్రి, ఎల్తురుకు అడ్డమొస్తున్నరు" అంటోంది భూలక్ష్మి.

ఆయన గొణుక్కుంటూ జరిగిన చప్పుడు, పీట ఈడ్చిన చప్పుడు వినబడ్డాయి. పిల్ల వచ్చీరాని మాటలతో ఏదో అడిగితే తాత జవాబు చెబుతున్నాడు. గొలుసు తట్టడానికి ఎత్తిన చెయ్యి దించుకుని, నా దారిన నేను దవాఖానకు వెళ్లిపోయాను. అక్కడ మెట్ల మీద రోగి వెంట వచ్చినవాళ్లెవరో కూర్చుని ఉన్నారు. లోపలికి రమ్మన్నాను.